సగంలో ఆగిన ‘ఊహూఁ’

ఆడపడుచు పెట్టెలో పిల్ల గౌను పెట్టింది. తల్లి తీసేసింది.

ఆడపడుచు తువ్వాలు పెట్టింది. తల్లి అదీ తీసేసింది.

దువ్వెన దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి చేతులూ ఒకేసారి పడ్డాయి. పళ్ళు ఆవిడ చేతిలో, వెన్ను ఈవిడ చేతిలో. ఎవరూ వదల్లేదు.

“వదులు,” అంది ఆడపడుచు.

“మీరే వదలండి వదినా.”

“రేపు పొద్దున పదింటికి హాస్టల్ వ్యాను వాకిట్లో ఉంటుంది. పెట్టె సర్దలేదని అది వెనక్కి పోదు. పిల్ల దువ్వెన లేకుండా పోతుంది, అంతే. నీ ఇష్టం.”

ముప్పై ఏళ్ళు కోర్టులో గుమాస్తాగా పనిచేసి దిగిన మనిషి ఆవిడ. జడ్జీలు వచ్చారు, పోయారు. ఆవిడ మాత్రం అక్కడే ఉండి, ఏ కాగితం ఎక్కడుందో, ఏ సాక్షి ఎక్కడ తడబడతాడో ఒంటబట్టించుకుంది. వీధిలో అందరూ చాటుగా ‘జడ్జిగారు’ అనేవారు. తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆవిడ కాదనలేదు.

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో గువ్వ కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టినప్పుడే ఒళ్ళంతా బిగుసుకుపోయింది. చేతులు ఒక దిక్కు పొమ్మంటే ఇంకో దిక్కు పోతాయి. తల కూడా అంతే. అవునన్నట్టూ ఊగుతుంది, కాదన్నట్టూ ఊగుతుంది, దేన్నీ నమ్మడానికి లేదు. ఆ పిల్లకి వచ్చిన మాట ఒక్కటే. ‘ఊ’.

ఆ ఒక్క మాటే ఇవాళ కొంప ముంచింది.

“నా అంతట నేను పంపట్లేదు,” అంది జడ్జి వదిన. “పిల్లని అడిగాను. ఒకసారి కాదు, మూడుసార్లు. నీ ముందు, నీ మొగుడి ముందు, ఎదురుకొట్టు మంగలి ముందు. ‘హాస్టల్‌కి వెళ్తావా?’ అన్నాను. ‘ఊ’ అంది. మూడుసార్లూ ‘ఊ’ అంది. అన్న తర్వాతే తమ్ముడు సంతకం పెట్టాడు.”

గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు. బండ్లు బాగుచేసే షెడ్డు అతనిది. చేతికంటిన నల్లటి గ్రీజు ఎప్పుడో పోయింది. ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

“దానికి అర్థం కాలేదు,” అంది తల్లి.

జడ్జి వదిన దువ్వెన వదిలేసింది. సరిగ్గా ఆ మాట కోసమే కూర్చున్నట్టు వెనక్కి వాలింది.

“అర్థం కాలేదా? మంచిది. మరి పోయిన నెల బడికి తీసుకెళ్ళి ‘మా పిల్లకి అన్నీ అర్థమవుతాయి, చేర్చుకోండి’ అని ఆ పెద్ద టీచరమ్మని బతిమాలావే, అప్పుడు అర్థమైందా? అర్థమవుతుందంటే హాస్టల్‌కి ఒప్పుకున్నట్టు. అర్థం కాదంటే బడివాళ్ళు వద్దన్నది న్యాయమే. రెంట్లో ఏదో ఒకటి చెప్పమ్మాయ్, ఒప్పేసుకుంటాను.”

తల్లి దువ్వెన బొడ్డున దోపుకుంది.

పోయిన నెల బడిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఆమె చెవులు వేడెక్కుతాయి. పెద్ద టీచరమ్మ పది ప్రశ్నలు అడిగింది. పిల్ల పదింటికీ ‘ఊ’ అంది. ‘నీకు రెక్కలున్నాయా?’ అంటే ‘ఊ’. ‘ఇది రాత్రా?’ అంటే, కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతుంటే ‘ఊ’. మధ్యలో తల్లి అందుకుని జవాబు చెప్పబోతే, “మీరు కాదమ్మా, పిల్ల చెప్పాలి,” అని ఆపేసింది. అవును కాదు కూడా తెలియని పిల్లని నలభై మూడు మందిలో ఎక్కడ కూర్చోబెట్టను, అని చాలా మర్యాదగా గేటు దాకా సాగనంపింది.

“నాకేమన్నా సరదానా?” జడ్జి వదిన గొంతు కొంచెం తగ్గింది. “అక్కడ కాళ్ళకి కసరత్తు చేయిస్తారు. నాలుగు ముక్కలు నేర్పుతారు. ఇక్కడేముంది? పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీ కుట్టుమిషను పక్కన కూర్చుని దారం రీళ్ళు చూడ్డం. ఎన్నాళ్ళు చూస్తుంది?”

ఈ దెబ్బ సూటిగా తగిలింది. తల్లి లేచి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతిలో చెయ్యి తీసుకుంది.

“గువ్వా, నా బంగారూ. నువ్వు హాస్టల్‌కి వెళ్తావా?”

పిల్ల ఒళ్ళంతా బిగుసుకుంది. పెదవులు ముందుకొచ్చాయి.

“ఊ.”

కళ్ళలోంచి నీళ్ళు జారాయి. ఎవరివి ముందు జారాయో చెప్పడం కష్టం.

“చూశావా?” అంది జడ్జి వదిన నెమ్మదిగా. “ఏడుస్తూనే అంటోంది.”

తల్లికి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో ఆమెకే తెలియదు. “అది దేనికైనా ఊ అంటుంది వదినా! ఆ మాట పట్టుకుని పిల్లని పెట్టెలో పెట్టి పంపేస్తారా? ఇదిగో చూడండి. గువ్వా, నువ్వు గువ్వవేనా?”

“ఊ.”

“నువ్వు ఏనుగువా?”

“ఊ.”

“చాలా? కుక్కవా అని అడగనా, పిల్లివా అని అడగనా?”

“ఫ్యాన్ ఆపు,” అన్నాడు గుమ్మంలోంచి మెకానిక్.

ఇద్దరు ఆడవాళ్ళూ అతని వైపు తిరిగారు. పొద్దున్నుంచి అతను మాట్లాడిన మొదటి మాట అది.

“ఏంటండీ?”

“ఫ్యాన్ ఆపమన్నాను.”

అతనే వెళ్ళి ఆపాడు. కిటికీ రెక్కలు మూశాడు. కూతురి పక్కన కింద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. షెడ్డులో అతను ఇలాగే కూర్చుంటాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. లోపల ఏ ముక్క అరిగిందో బోల్టు విప్పకుండానే చెప్పేస్తాడు. అందుకే దూరాల నుంచి కూడా అతని దగ్గరికి బండ్లు వస్తాయి.

“మళ్ళీ అడుగు. అవే రెండూ.”

“నువ్వు గువ్వవేనా?”

“ఊ.”

“నువ్వు ఏనుగువా?”

“ఊ.”

అతను కళ్ళు తెరిచాడు.

“రెండూ ఒకటి కాదు.”

“ఒకటేనండీ. తొమ్మిదేళ్ళుగా వింటున్నాను.”

“మొదటిది నోట్లోనే మూసుకుంది. పని అయిపోయింది, ఆగిపోయింది. రెండోది మూసుకోలేదు. దాని వెనక ఇంకో దెబ్బ పడాలి. పడట్లేదు.” అతను కూతురి వీపు మీద అరచెయ్యి ఆనించాడు. “మిస్ కొడుతోంది.”

“అది ఇంజను కాదు, పిల్ల!”

“ఇంజనైతే ఎప్పుడో వినేవాణ్ణి,” అన్నాడతను. తర్వాత భార్య చెయ్యి పట్టుకుని తన చెయ్యి ఉన్నచోట పెట్టాడు. “ఇప్పుడు అడుగు.”

తల్లి అరచేతి కింద సన్నటి ఎముకలు. వాటి కింద ఊపిరి.

“నువ్వు గువ్వవేనా?”

“ఊ.” వీపు ఒకసారి కదిలింది. నిమ్మళించింది.

“నువ్వు ఏనుగువా?”

“ఊ.” వీపు కదిలింది. వెంటనే ఇంకోసారి, లోపలినుంచి ఎవరో తన్నినట్టు కదిలింది. రెండోదానికి చప్పుడు రాలేదు. గాలి అందలేదు.

ఊ. హూఁ.

తల్లి చెయ్యి తీయలేదు. తీయడానికి భయమేసింది. మూడో ప్రశ్న అడగడానికి అంతకంటే భయమేసింది.

“హాస్టల్‌కి వెళ్తావా?”

“ఊ.”

తన్ను.

“వెళ్తావా?”

“ఊ.”

తన్ను. ఇంకా గట్టిగా. ‘ఎన్నిసార్లు చెప్పాలి’ అన్నంత గట్టిగా.

‘అవును’కి ఒక్క ఊపిరి చాలు. ‘కాదు’కి రెండు కావాలి. రెండోది ఆ పిల్ల దగ్గర లేదు. తొమ్మిదేళ్ళుగా పిల్ల కాదంటూనే ఉంది. అందరూ మొదటి సగం విని సంతోషంగా తలూపి వెళ్ళిపోతున్నారు.

తల్లికి గబగబా ఏవేవో గుర్తొస్తున్నాయి. ఆకుపచ్చ గౌను బాగుందా? ఊ. ఇంకాసేపు పడుకుంటావా? ఊ. కిటికీ మూసేయనా? ఊ.

“గువ్వా... నీకు పాలంటే ఇష్టమేనా?”

“ఊ.”

తన్ను.

“రోజూ రెండు పూటలా పట్టానే!”

“లెక్కలు తీయకు,” అంది జడ్జి వదిన. “తీస్తే ఇద్దరం తలెత్తుకోలేం.”

ఆవిడ పెట్టె మూత వేసి, కుర్చీ దగ్గరికి వచ్చింది. “తప్పుకోండి. నేను కూడా చూడాలి.” చెయ్యి పిల్ల వీపు మీద పెట్టి, సాక్షిని అడిగినట్టే అడిగింది. నేను మీ నాన్నకి అక్కనా? నేను మీ నాన్న కంటే చిన్నదాన్నా? ఇది పగలా? మీ అమ్మ బండ్లు బాగుచేస్తుందా? పన్నెండు ప్రశ్నలు వేసింది. పన్నెండింటికీ సరైన జవాబే వచ్చింది. పదమూడోది చాలాసేపు తటపటాయించి అడిగింది.

“నా మీద కోపంగా ఉందా?”

“ఊ.”

ఆవిడ అరచేతికి ఏం తెలిసిందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

“వాంగ్మూలం తప్పు రాసుకున్నాం,” అంది చివరికి. తల్లి మొహంలో వెలుగు చూసి వెంటనే వేలెత్తింది. “సంబరపడకు. వ్యాను రేపు పదింటికి వస్తుంది. ఈలోపు బడివాళ్ళు చేర్చుకుంటామంటే నేనే దాన్ని తిప్పి పంపిస్తాను. చేర్చుకోకపోతే, హాస్టల్ వద్దంది కదా అని పిల్ల ఇంట్లో కూర్చోవడానికి మాత్రం నేను ఒప్పుకోను. చదువు వద్దని అది అనలేదు.”

“బడికి ఇప్పుడే వెళ్దాం,” అంది తల్లి.

“వెళ్ళి? ఆ టీచరమ్మని పిల్ల వీపు మీద చెయ్యేసుకుని పాఠం చెప్పమంటావా?”

మెకానిక్ అప్పటికే చెప్పులేసుకున్నాడు.

* * *

అతను షెడ్డు నుంచి తెచ్చింది పాత స్కూటరు హారను. చిన్న బ్యాటరీ, రెండు తీగలు, ఒక బటను. గువ్వ ఒంట్లో చెప్పినమాట వినేది ఎడమ మోకాలు ఒక్కటే. అది పైకి లేస్తుంది. కుర్చీకి బిగించిన పలక అడుగున, సరిగ్గా ఆ మోకాలికి పైన, అతను బటను బిగించాడు.

“అవునుకి ఊ ఉంది. దాన్ని కదపొద్దు,” అన్నాడు. “కాదుకి ఇది. అడిగాక ఐదు అంకెలు లెక్కపెట్టండి. మోకాలు లేవడానికి టైం పడుతుంది. ఈలోపు ఎవరూ నోరెత్తకూడదు.”

చివరి మాట భార్య వైపు చూసి అన్నాడు. ఆమె చూడనట్టు ఊరుకుంది.

కుర్చీని వీధిలోకి దించేసరికి సంగతి కుర్చీ కంటే ముందే వీధి దాటింది. మొదట వచ్చినవాడు ఎదురుకొట్టు మంగలి. చేతిలో కత్తెర అలాగే ఉంది. లోపల ఎవరో సగం తలతో కూర్చుని అద్దంలోంచి అరుస్తున్నాడు.

“చెల్లెమ్మా, నేను విన్నది నిజమేనా? అంటే నేను రెండేళ్ళుగా ‘పొట్టిగా కొట్టేయనా గువ్వమ్మా’ అని అడిగి...”

“దాన్నే అడుగు అన్నయ్యా.”

మంగలి వంగాడు. “గువ్వమ్మా. పొట్టిగా కొట్టేయనా?”

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

పాఁయ్!

వీధి మలుపులో సైకిలు మీద పోతున్న మనిషి ఉలిక్కిపడి పక్కకి తప్పుకున్నాడు. మంగలి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. “రెండేళ్ళు! రెండేళ్ళు పిల్లని గుండు చేసినంత పని చేశాను. ఒక్కసారి కూడా తిట్టలేదు తల్లీ నువ్వు.”

“తిట్టిందేమో. నీకు సగమే వినపడి ఉంటుంది,” అంది ఇస్త్రీ పిన్ని. ఆవిడ బండి మంగలి కొట్టు పక్కనే. రోజంతా బట్టల మీద పెట్టె తోస్తూ పాడుతూనే ఉంటుంది. ఆవిడా కుర్చీ ముందుకొచ్చి కొంగు సర్దుకుంది. “నన్ను చూడవే గువ్వా. రోజూ నిన్నే కదా అడిగేదాన్ని. నా పాట బాగుందా?”

అందరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టారు.

పాఁయ్!

ముందు నవ్వింది ఇస్త్రీ పిన్నే. నవ్వీ నవ్వీ బండికి ఆనుకుంది. “ఇన్నేళ్ళకి ఒక్కరు నిజం చెప్పారే! మా ఆయన కూడా చెప్పలేదు!”

గువ్వ నవ్వుతోంది. నోరంతా తెరిచి, తల ఎటుపడితే అటు ఊపుతూ నవ్వుతోంది. ఆ నవ్వు తల్లి ఎరుగును. కానీ ఇంతసేపు ఆగకుండా ఎప్పుడూ చూడలేదు. జనం మూగారు. ఎండగా ఉందా? నీడలోకి జరపనా? ఈ రంగు నచ్చిందా? అందరూ పిల్లనే అడుగుతున్నారు. ఒక్కరు కూడా తల ఎత్తి తల్లి వైపు చూడట్లేదు.

నిన్నటిదాకా పిల్లకి దాహమేస్తుందా అని కూడా ఆమెనే అడిగేవారు. ఆమెకి సంతోషంగా ఉంది. ఆ సంతోషం అడుగున ఏదో చిన్న మొన గుచ్చుకుంది. అదేమిటో చూసుకునే తీరిక లేదు. బడి వదిలే వేళ అవుతోంది.

* * *

“ఇది బడమ్మా. బస్టాండు కాదు,” అంది పెద్ద టీచరమ్మ హారను చూడగానే.

సన్నగా, నిటారుగా ఉంటుంది ఆవిడ. చీర కుచ్చిళ్ళ దాకా సుద్దపొడి. తరగతి గది గుమ్మంలో నిలబడి ఒక కన్ను లోపలి పిల్లల మీద, ఒక కన్ను వరండాలోకి వచ్చిన ఈ మంద మీద వేసి ఉంచింది. మంద అంటే మందే. తల్లీ, తండ్రీ, జడ్జి వదినా, కొట్టు మూసేసిన మంగలీ, ఇస్త్రీ పిన్నీ. బడి ముందు మూడు మెట్లున్నాయి. కుర్చీని నలుగురూ నాలుగు పక్కలా పట్టుకుని ఎక్కించారు. జడ్జి వదిన మాత్రం వెనక నిలబడి ‘ఎడమ, ఎడమ’ అని ఆజ్ఞలిచ్చింది.

“రేపు పదింటికి హాస్టల్ వ్యాను వస్తుందండీ. పోయిన నెల మీరడిగినవే మళ్ళీ అడగండి,” అంది తల్లి. “ఒక్కసారి. చేతులు జోడించి అడుగుతున్నాను.”

“మీరు దూరంగా నిలబడితే అడుగుతాను. సైగలు చేస్తున్నారని తర్వాత నాకు అనుమానం ఉండకూడదు.”

“న్యాయం,” అంది జడ్జి వదిన, మరదల్ని జబ్బ పట్టుకుని స్తంభం వెనక్కి లాగుతూ.

టీచరమ్మ కుర్చీ ముందుకొచ్చింది. “నీకు రెక్కలున్నాయా?”

హారను మోగింది. తరగతిలో నలభై మూడు తలలు ఒకేసారి తిరిగాయి.

“ఇది రాత్రా?” హారను. “నీకు తొమ్మిదేళ్ళా?” “ఊ.” “ఎనిమిది కంటే ఆరు పెద్దదా?” హారను. టీచరమ్మ ప్రశ్నలు మార్చింది. వరస తిప్పింది. కావాలని తప్పులు కలిపింది. పిల్ల ఎక్కడా పడలేదు. ఒక ప్రశ్నకి మాత్రం ‘ఊ’ అనీ అనకుండా ఆగి, మోకాలు సగం ఎత్తి దించేసింది.

“అదేంటి?”

“తెలియదేమోనండీ,” అన్నాడు మెకానిక్. “తెలియదుకి ఇంకా ఏమీ బిగించలేదు.”

టీచరమ్మ పెదవి చివర చిన్నగా కదిలింది. “నేను నీకు నచ్చానా?”

మంగలి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

పాఁయ్!

లోపల పిల్లలు గొల్లుమన్నారు. టీచరమ్మ వాళ్ళని ఆపలేదు. “పోయిన నెల కూడా ఇదే చెప్పావన్నమాట,” అంది గువ్వతో. “నేనే వినలేదు. ఇంత నిజం చెప్పే పిల్ల నా తరగతిలో ఒక్కరుండాలి.”

స్తంభం వెనక నుంచి తల్లి ముందుకు దూకబోయింది. జడ్జి వదిన పట్టు బిగించింది.

“అయితే ఒక మాట,” టీచరమ్మ గొంతు మళ్ళీ గట్టిపడింది. “రోజూ ఈ మెట్లు?”

“రేపు పొద్దుటికల్లా మెట్ల మీద ఏటవాలు చెక్క వేస్తాను. చక్రం నేరుగా ఎక్కుతుంది,” అన్నాడు మెకానిక్.

“తీసుకురావడం నేను చూసుకుంటా. కొట్టు తొమ్మిదిన్నరకి గానీ తీయను,” అన్నాడు మంగలి.

“సాయంత్రం నేను,” అంది ఇస్త్రీ పిన్ని. “దారంతా పాడను. ఒట్టు.”

“గుమ్మం దాకా సరే. లోపల? నలభై మూడు మందితో నేను ఒక్కదాన్ని. పేజీ తిప్పాలి. నీళ్ళు తాగించాలి. ఒక పెద్ద మనిషి రోజంతా పక్కన ఉంటేనే చేర్చుకోగలను. లేకపోతే నా వల్ల కాదు. అబద్ధం చెప్పి చేర్చుకుని, పది రోజులకి పంపేయడం నాకిష్టం లేదు.”

“నేనుంటాను!” తల్లి స్తంభం వెనక నుంచి పరుగున వచ్చింది. “నేనే ఉంటానండీ. మిషను మూసేస్తాను. దాని పక్కనే కూర్చుంటాను. దానికి ఏం కావాలో అది అడగకముందే నాకు...”

పాఁయ్!

తల్లి ఆగింది. మోకాలు పొరపాటున తగిలిందేమో అనుకుంది. నవ్వి, కుర్చీ పిడి మీద చెయ్యేసింది. “రేపటి నుంచి మనిద్దరం...”

పాఁయ్! పాఁయ్!

నవ్వుతున్న మంగలి నవ్వు ఆపేశాడు.

“బడి వద్దా గువ్వా?” మెకానిక్ కంగారుగా వంగాడు.

“అలా అడక్కు,” అంది జడ్జి వదిన. “‘వద్దా’ అంటే జవాబు రెండు పక్కలా తిరుగుతుంది. ‘కావాలా’ అని అడుగు.”

“బడి కావాలా?”

“ఊ.”

“ఈ బడేనా?”

“ఊ.” గట్టిగా. నోరు మూసుకుని, పూర్తిగా.

ఇంక మిగిలింది ఒక్క ప్రశ్నే. అది ఎవరు అడగాలో అక్కడ అందరికీ తెలుసు. టీచరమ్మ చూపు పక్కకి తిప్పుకుంది. మెకానిక్ చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కున్నాడు.

తల్లి కూతురి ముందు కూర్చుంది. పొద్దున ఇలాగే కూర్చుంది. పొద్దున చేతిలో చెయ్యి తీసుకుంది. ఇప్పుడు తీసుకోలేదు.

“నేను... నీ పక్కన కూర్చోవాలా?”

ఒకటి. రెండు. ఆ పిల్ల కళ్ళు తల్లి మొహం మీదే ఉన్నాయి. కోపం లేదు వాటిలో. మూడు. జాలి కూడా ఉంది. నాలుగు.

ఈసారి హారను చాలా చిన్నగా మోగింది. మోకాలు మెత్తగా తాకించినట్టుంది.

తొమ్మిదేళ్ళు ఆ పిల్లకి నోరుగా బతికిన మనిషి. పొద్దున పిల్ల ‘కాదు’ కోసం దువ్వెన పట్టుకుని పోట్లాడిన మనిషి. ఆ ‘కాదు’ తిరిగి తిరిగి తన ముందుకే వచ్చి ఆగుతుందని ఎలా అనుకుంటుంది? తొమ్మిదేళ్ళొచ్చిన పిల్ల ఎవరైనా తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని బడిలో చదువుకుంటుందా? ఇంత చిన్న సంగతి తట్టనే లేదు.

లోపల ముందు బెంచీలో రెండు జడల పిల్ల ఒకతె కొంచెం పక్కకి జరిగింది. కుర్చీ పట్టేంత జాగా చేసింది. ఎవరూ చెప్పలేదు.

తల్లి లేచింది. తాను గుమ్మానికి అడ్డంగా ఉన్నట్టు అప్పుడు గమనించింది. హారను కొడితే ఎవరైనా చేసేది ఒక్కటే. ఆమె పక్కకి తప్పుకుంది.

“మరి ఎవరు కూర్చుంటారు?” అంది టీచరమ్మ నెమ్మదిగానే. “మనిషి లేకుండా నేను ఒప్పుకోలేను. మీకు రేపు పదింటికి వ్యాను వస్తుందంటున్నారు.”

మంగలి ఇస్త్రీ పిన్ని వైపు చూశాడు. ఆవిడ అతని వైపు చూసింది. ఇద్దరికీ కొట్టూ బండీ ఉన్నాయి. మెకానిక్ ఏదో అనబోయాడు.

“నేను కూర్చుంటాను,” అంది జడ్జి వదిన.

అందరూ వెనక్కి తిరిగారు.

“ఏం, అలా చూస్తారు? రిటైరైనదాన్ని. ముప్పై ఏళ్ళు నోరు మూసుకుని ఒక మూల కూర్చుని, అడిగినప్పుడు కాగితం అందించడమే నా పని. ఇంతకంటే బాగా ఎవరు చేస్తారు?” గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది. కొంగు కొస మాత్రం వేళ్ళ మధ్య నలుగుతోంది. ఆవిడ కుర్చీ ముందుకు వచ్చింది. పెట్టె సర్దిన మనిషి. మూడుసార్లు అడిగి మూడుసార్లూ తప్పు విన్న మనిషి. కోర్టులో ఎవరి ముందూ వంచని నడుము వంచింది.

“ఏమంటావే గువ్వా? నేను పనికొస్తానా?”

గువ్వ మేనత్తని చూసింది. పెదవులు ముందుకు రాలేదు. మోకాలూ లేవలేదు. ఐదు అంకెలు అయిపోయాయి. టీచరమ్మ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. పిల్ల ఆలోచిస్తోంది.

అలవాటుగా అందరి కళ్ళూ తల్లి వైపు తిరిగాయి. పిల్ల ఏం చెప్పబోతోందో ఈవిడకి తెలిసే ఉంటుందని.

ఆమెకి తెలియదు. ఆ మాట పైకి అనడానికి సిగ్గుపడలేదు కూడా.

“నాకు తెలియదు. నన్ను చూస్తారేంటి?” అంది. “దాన్ని చూడండి.”